ఆ కాలు తియ్యండి

మీ ప్రశ్న – మా జవాబు

ఈసారి శీర్షిక మొత్తం ఒకే విషయానికి ఇచ్చేస్తున్నాను. భవానీపురం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం చదివాక, అదే విషయం మీద గుంటూరు నుంచీ తెనాలి నుంచీ వచ్చి ఉన్న ఉత్తరాలు కూడా వెతికి తీశాను. అన్నీ 'డెమన్ స్లేయర్' అనే జపాన్ యానిమే గురించే. కోయోహారు గొతోగే 2016 నుంచి 2020 దాకా వారపత్రికలో గీసిన బొమ్మల కథ అది, 2019లో సీరియల్‌గా వచ్చింది, 2025లో వచ్చిన సినిమా అయితే తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకే వచ్చేసింది. చూడనివాళ్లకు కూడా అర్థమయ్యేలా కథ కొంచెం చెబుతూ రాస్తాను, చూసినవాళ్లు ఓపిక పట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. కోచింగ్ నుంచి వచ్చాక రాత్రి అన్నం తింటూ ఫోన్లో డెమన్ స్లేయర్ చూస్తాడు. మొన్న చూస్తూ చూస్తూ ముద్ద చేతిలోనే ఉండిపోయింది, కళ్లమ్మట నీళ్లు. ఏంట్రా అని తొంగి చూస్తే ఒక రాక్షసుడు చచ్చిపోతున్నాడు, హీరో వాడి వీపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. మా వారు అది చూసి "అంతమందిని చంపినవాడి కోసం ఏడుస్తావేంట్రా, ఇలాంటివి చూసే మెత్తబడిపోతున్నావు" అని గట్టిగా కేకలేశారు. వాడు అన్నం వదిలేసి లేచిపోయాడు. తర్వాత వాడు లేనప్పుడు నేను ఆ ఎపిసోడ్ పెట్టుకుని చూశాను, నాకూ ఏడుపొచ్చింది. కానీ మా వారన్నది తప్పని కూడా అనలేకపోతున్నాను. హంతకుడి మీద జాలిపడటం పిల్లలు నేర్చుకోవాల్సిన విషయమేనా మేడమ్?
– ఒక తల్లి, భవానీపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయి దగ్గరికి వెళ్లి "నేనూ చూశాన్రా, నాకూ ఏడుపొచ్చింది" అని చెప్పండి. కంచం ముందు తిట్లు తిన్న పిల్లాడికి ముందు ఆ మాట కావాలి, మిగతావన్నీ తర్వాత.

ఇక మీ ప్రశ్న. ఆ ఘట్టాన్ని నిదానంగా చూస్తే మీ వారి కోపానికీ మీ అబ్బాయి కన్నీళ్లకూ రెంటికీ అందులో చోటుంది. తాంజిరో అనే కుర్రాడు కొండ మీద బొగ్గులు కాల్చి అమ్ముకునే ఇంటికి పెద్దకొడుకు. బొగ్గులు అమ్మి ఇంటికి తిరిగొచ్చేసరికి తల్లీ, నలుగురు చిన్నపిల్లలూ రక్తపు మడుగులో పడి ఉంటారు. మిగిలింది చెల్లెలు నెజుకో ఒక్కతే, ఆమె కూడా రాక్షసిగా మారిపోయింది. చెల్లెల్ని మళ్లీ మనిషిని చేసుకోవాలని వాడు రాక్షసుల్ని వేటాడే దళంలో చేరతాడు. అంటే రాక్షసుల వల్ల కడుపుకోత అంటే ఏమిటో తెలియకుండా ఒడ్డున కూర్చుని జాలి కబుర్లు చెప్పే పిల్లాడు కాదు. ఇది మీ వారికి చెప్పండి, ఎందుకంటే వాడి చెయ్యి ఆ రాక్షసుడి వీపు మీద పడటానికి విలువ అక్కడి నుంచే వచ్చింది.

ఆ రాక్షసుడు రుయి. చూడ్డానికి పిల్లాడు. నటగుమో కొండ మీద సాలెపురుగు రాక్షసుల్ని పోగేసి నువ్వు అమ్మవి, నువ్వు నాన్నవి, నువ్వు అక్కవి అని వేషాలు పంచి, మాట వినకపోతే దారాలతో కోసేస్తూ ఒక దొంగ సంసారం నడుపుతుంటాడు. వాడి గతం చివరి నిమిషంలో తెలుస్తుంది. పుట్టినప్పటి నుంచీ రోగిష్టి పిల్లాడు, నడవడం కూడా కష్టం. ముజాన్ అనే పెద్ద రాక్షసుడు వచ్చి తన రక్తం ఇచ్చి బలం పోశాడు. బలంతో పాటు మనుషుల్ని తినే ఆకలి కూడా వచ్చింది. కొడుకు మనిషిని చంపాడని చూసిన తండ్రి కత్తి ఎత్తాడు, తల్లి ఏడుస్తూ కూర్చుంది. వీళ్లు నా నిజమైన అమ్మానాన్నలే కాదు అనుకుని ఇద్దర్నీ చంపేశాడు. ప్రాణం పోతూ ఆ తల్లి, నిన్ను గట్టి ఒంటితో కనలేకపోయాను నాన్నా, క్షమించు అని గొణుగుతుంది. కొడుకు పాపాన్ని తామూ పంచుకుని, వాడితో పాటే చచ్చిపోదామని ఆ తండ్రి కత్తి ఎత్తాడని రుయికి అప్పుడు తెలుస్తుంది. తెలిసేసరికి ఎవరూ మిగల్లేదు.

19వ ఎపిసోడ్‌లో వీడికీ తాంజిరోకీ జరిగే పోరాటం గురించి పిల్లలందరూ చెబుతారు, ఆ మంటలూ ఆ పాటా అన్నీ గొప్పవే, కాదనను. నా మనసు మాత్రం దాని తర్వాత వచ్చే కాసేపటి దగ్గరే ఆగిపోతుంది. రుయి తల తెగింది, తెంచింది గియు తొమియోకా అనే సీనియర్. తల లేని ఆ చిన్న ఒళ్లు తూలుతూ అన్నాచెల్లెళ్ల వైపు వచ్చి కూలిపోతుంది. తాంజిరోకి వాసనతో మనసులు తెలిసే గుణం ఉంది, ఆ చిన్న ఒంట్లో నుంచి మోయలేనంత దుఃఖం వాసన వచ్చింది. వీపు మీద చెయ్యి వేశాడు. అంతే, ఒక్క మాట కూడా అనలేదు. ఆ అరచేతి వెచ్చదనానికి రుయికి అమ్మానాన్నలు గుర్తొచ్చారు.

తర్వాత బూడిదైపోయిన ఆ పిల్లాడి కిమోనో నేల మీద పడి ఉంటే గియు దాని మీద కాలు వేసి నిలబడతాడు. మనుషుల్ని తిన్నవాడి మీద జాలేమిటి, పిల్లాడి రూపం చూసి మోసపోకు అంటాడు, అచ్చం మీ వారన్న మాటే. తాంజిరో దానికి చెప్పే జవాబు సారం ఇది: చచ్చిపోయినవాళ్ల కోసం, ఇక ముందు ఎవరూ చావకుండా ఉండటం కోసం రాక్షసుడి మెడ మీద నా కత్తి ఆగదు, కానీ చేసినదానికి కుమిలిపోతూ పోయినవాణ్ణి నేను తొక్కను, వాడూ ఒకప్పుడు నాలాంటి మనిషే, ఆ కాలు తియ్యండి.

చూశారా అమ్మా, కత్తి ఆగదు అన్నాడు. మీ వారు భయపడుతున్నది మెత్తదనం గురించి కదా, ఈ కుర్రాడిలో ఆ మెత్తదనం ఎక్కడుంది? అదే కొండ మీద ఇంకో చోట, రుయి పెట్టే బాధ పడలేక ఒక రాక్షసి తనే మెడ ముందుకు చాచి చావు కోరుకుంటుంది. తాంజిరో అప్పుడు కూడా ఆమెను వదిలెయ్యడు. చేతిలో ఉన్న వేటు మార్చి, తను నేర్చిన నీటి విద్య అనే కత్తిసాములో ఐదోదైన, నొప్పి తెలియకుండా ప్రాణం తీసే వేటు వేస్తాడు. చంపడం ఆపలేదు, చంపడంలో హింసించడం లేకుండా చూసుకున్నాడు. ఆమెకు అది వాన చినుకులు పడ్డట్టు ఉంటుంది.

మీ వారు భారతం చదివే మనిషైతే శల్యపర్వం గుర్తుచెయ్యండి. తొడలు విరిగి నేల మీద పడి ఉన్న దుర్యోధనుడి తలను భీముడు ఎడమకాలితో తంతాడు. భీముడి కోపానికి కారణం లేదా? నిండు సభలో జరిగిందంతా ఉంది, పన్నెండేళ్ల అడవులు ఉన్నాయి, ఏడాది అజ్ఞాతవాసం ఉంది. అయినా ధర్మరాజు అడ్డుపడి, తమ్ముళ్లు పోయి, కొడుకులు పోయి, సైన్యం పోయి, మన చుట్టమే అయి ఇలా పడి ఉన్నవాణ్ణి కాలితో తన్నకు అంటాడు. యుద్ధం తప్పని ధర్మరాజు అనలేదు, దుర్యోధనుడు గెలిచి ఉండాల్సిందనీ అనలేదు. తిక్కనగారిని చదివి పెరిగిన మనకు జపాన్ కుర్రాడి మాట కొత్తగా వినపడాల్సిన పని లేదు.

ఇంకొక్కటి. కాలు వేసిన ఆ గియు కూడా చెడ్డవాడు కాదు. మొదటి ఎపిసోడ్‌లో రాక్షసిగా మారిన నెజుకోను చంపకుండా వదిలింది ఆయనే. బాధ్యత మోసేవాడికి కరకుదనం అవసరమని నమ్మిన మనిషి. మీ ఇంట్లో ఆ రాత్రి జరిగింది కూడా దాదాపు ఇదే, మీ వారు కొడుకు లోకంలో నెగ్గుకు రాగలడా అని భయపడి అరిచారు. ఒక ఆదివారం ముగ్గురూ కలిసి కూర్చుని ఆ ఎపిసోడ్ చూడండి. ఎవరిది రైటో తేల్చడానికి మాత్రం కూర్చోకండి.

ప్రశ్న: ప్రతి విలన్‌కీ చచ్చే ముందు ఒక ఏడుపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టేస్తే చేసినవన్నీ మాఫీ అయిపోతాయా మేడమ్? అకాజా అనే రాక్షసుడి స్టోరీ చూసి థియేటర్లో నా ఫ్రెండ్స్ అందరూ ఏడ్చారు. వాడు చంపిన, తాంజిరో దళంలోని రెంగోకు గురించి ఎవడూ మాట్లాడలేదు. నాకు చాలా కోపమొచ్చింది.
– డిగ్రీ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ కోపం నాకు నచ్చింది. చంపినవాడి కథ ఎంత బాగా చెప్పినా, చచ్చిపోయినవాడి పేరు మర్చిపోతే అది కరుణ కాదు, కథకు పడిపోవడం.

కానీ ఈ కథ మాఫీ చేసిందని మాత్రం నేను అనుకోను. అకాజా మనిషిగా ఉన్నప్పుడు హకుజి, జబ్బుపడ్డ తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసిన పిల్లాడు. తన వల్లే కొడుకు దొంగ అయ్యాడని ఆ తండ్రి ఉరేసుకున్నాడు. తర్వాత ఒక గురువు చేరదీశాడు, ఆయన కూతురు కొయుకికి సేవ చేస్తూ మనిషయ్యాడు, పెళ్లి కూడా కుదిరింది. పక్క శిక్షణశాల వాళ్లు బావిలో విషం కలిపి గురువునీ ఆ అమ్మాయినీ చంపేశారు. వీడు వెళ్లి ఒట్టి చేతులతో 67 మందిని చంపాడు. ఆ తర్వాతే ముజాన్ కంటపడ్డాడు. ఇంత చెప్పినా, కథలో వాడికి శిక్ష తప్పిందా? తప్పలేదు. రుయికి కూడా అమ్మానాన్నలు కనిపించి వాటేసుకున్నారు, కానీ ముగ్గురూ వెళ్లింది మంటల్లోకే. నరకానికైనా నీతోనే వస్తాం అన్నారు తప్ప నీకు నరకం లేదు అనలేదు.

గతం తెలిస్తే వాడు అలా ఎందుకయ్యాడో తెలుస్తుంది, చేసిన తప్పు బరువు దాంతో తగ్గదు. తాంజిరో కూడా అందరి మీదా ఒకేలా జాలిపడడు, గమనించండి. ముజాన్ ఎదురుగా నిలబడి, పోయినవాళ్లను తుఫానుకి పోయారనుకుని మర్చిపొమ్మని తేలిగ్గా మాట్లాడినప్పుడు, నువ్వు ఈ భూమ్మీద ఉండకూడని ప్రాణివి అని మొహం మీదే చెబుతాడు. అక్కడ వీపు మీద చెయ్యి వెయ్యడం లేదు, ఎందుకంటే అవతల పశ్చాత్తాపం అణువంత కూడా లేదు.

మీ ఫ్రెండ్స్‌తో గొడవ పెట్టుకోకండి. ఈసారి కలిసినప్పుడు రెంగోకు చివరి మాటల గురించి, వాళ్లమ్మ గురించి మీరే మొదలుపెట్టండి. వాళ్లు ఏడవకుండా ఉండరు.

ప్రశ్న: మా అన్నయ్య బైక్ మీద వస్తుంటే తాగి కారు నడిపిన ఒకతను గుద్దేశాడు. అన్నయ్య పోయాడు. కేసు నడుస్తోంది. ఆ మనిషి మొన్న కోర్టు బయట మా నాన్న కాళ్ల మీద పడి ఏడ్చాడు. చుట్టాలు "పోయినవాడు ఎలాగూ రాడు, వదిలెయ్యండి, వాడికీ చిన్నపిల్లలున్నారు" అంటున్నారు. యానిమే చూసే నా ఫ్రెండ్ ఒకడు "తాంజిరోలా ఉండరా" అన్నాడు. వాడి మొహం మీద ఫోన్ విసిరికొట్టాలనిపించింది. నాకు ఆ సిరీస్‌లో షినోబు అంటేనే ఇష్టం. ఆ ఏడ్చినవాణ్ణి చూస్తే నాకు ఏ జాలీ రావట్లేదు. రాత్రుళ్లు నిద్ర పట్టదు. నాలో ఏమైనా లోపం ఉందా?
– పేరు వద్దు, గుంటూరు

జవాబు: ఏ లోపమూ లేదు తమ్ముడూ. అన్నయ్య పోయాడు. నీకు రావాల్సింది కోపమే, అదే వచ్చింది.

నీ ఫ్రెండ్ ఆ సిరీస్ సగమే చూశాడేమో. షినోబు గురించి నీకు తెలుసు, తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఎప్పుడూ నవ్వుతూ ఉండే అమ్మాయి. తాంజిరో ఒక రాత్రి కప్పు మీద కూర్చుని సాధన చేస్తుంటే పక్కకు వస్తుంది. మీకు కోపంగా ఉందా అని వాడు అడుగుతాడు, వాసన పట్టేశాడు కదా. అవును, ఎప్పుడూ కోపంగానే ఉంటానేమో అంటుంది. అక్కను రాక్షసుడు చంపేశాడు. ఆ అక్క చచ్చిపోతూ కూడా రాక్షసుల మీద జాలిపడింది. అక్క కోరిక కాబట్టి నేనూ అలా ఉండాలని నవ్వు మొహానికి తగిలించుకుని తిరుగుతున్నాను, కానీ నాకు చేతకావట్లేదు, అలిసిపోయాను అంటుంది. తాంజిరో ఆమెకు నీతులు చెప్పడు. కోపం మానుకోమనడు. వింటాడు, అంతే. తాంజిరోలా ఉండాల్సింది నువ్వు కాదు, నీ ఫ్రెండ్. నీ పక్కన కూర్చుని నోరు మూసుకుని వినాలి.

మీ చుట్టాల మాట గురించి కూడా చెబుతాను. పోతన భాగవతంలో, ద్రౌపది ఐదుగురు కొడుకుల్ని నిద్రలో చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి ఈడ్చుకొచ్చి ఆమె ముందు పడేస్తాడు. వదిలెయ్యమని చివరికి చెప్పింది ద్రౌపదే. నేను ఏడ్చినట్టు వీడి తల్లి ఏడవకూడదు అంటుంది. కానీ అంతకుముందు ఆమె వాణ్ణి నిలదీసింది. ఆయుధాలు పట్టుకుని రాలేదు, యుద్ధంలో లేరు, నీకు ఏ కీడూ చెయ్యలేదు, నిద్రపోతున్న పిల్లల్ని చంపడానికి నీకు చేతులెలా వచ్చాయి అని అడిగింది. అడగాల్సింది అడిగాక, తన నోటితో తను చెప్పింది. ఊళ్లోవాళ్లొచ్చి ఆమె తరఫున క్షమించలేదు. భీముడు చంపాల్సిందే అన్నాడు. వదిలినా ఊరికే వదల్లేదు, తల గొరిగించి, తలలోని మణి పెరికి, శిబిరంలోంచి గెంటేశారు. క్షమించాలో వద్దో, ఎప్పుడో, ఎంతవరకో మీ అమ్మా నాన్నా నువ్వూ చెప్పాలి. చెప్పకపోయినా పాపం లేదు.

జాలి వేరు, కేసు వేరు. అతని పిల్లల్ని చూసి రేపెప్పుడైనా నీ మనసు కరిగినా సరే, సాక్ష్యం చెప్పడం మానక్కర్లేదు. జాలి పేరు చెప్పి తెల్లకాగితం మీదో రాజీ కాగితం మీదో సంతకం పెట్టమంటే మీ లాయరుగారు చదవకుండా పెట్టొద్దు. ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో వేసే కేసు వేరు, అతని మీద నడిచే క్రిమినల్ కేసు వేరు, ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలని ఎవరైనా అంటే నమ్మొద్దు. నాన్నగారిని కోర్టుకి ఒంటరిగా పంపకు, కాళ్ల మీద పడేవాళ్లను తట్టుకోవడం ఆ వయసులో చాలా కష్టం.

నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. 14416కి ఫోన్ చెయ్యి, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, ఉచితం, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. కోపం పోగొట్టుకోవడానికి కాదు, పడుకోగలగడానికి. మళ్లీ రాయి నాకు. అన్నయ్య గురించి రాయి, కేసు గురించి కాకపోయినా సరే.

ప్రశ్న: దసరాకి అమ్మవారు మహిషాసురమర్దినిగా దర్శనమిస్తారు, పాదం కింద మహిషుడు ఉంటాడు. రాక్షసుణ్ణి తొక్కడమే కదా మనం పూజించేది. మరి రాక్షసుడి బట్టల మీద కాలు వెయ్యడమే తప్పంటున్న ఈ బొమ్మల కథని మన పిల్లలు తలకెక్కించుకుంటే ఎలా?
– ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అండీ, ఇంద్రకీలాద్రి నీడలో ఉండేవాళ్లకు రాకుండా ఉండదు. దుర్గా సప్తశతి నాలుగో అధ్యాయం ఒకసారి తీయండి. మహిషుడు చచ్చాక దేవతలంతా అమ్మవారిని స్తుతిస్తూ 'చిత్తే కృపా సమరనిష్ఠురతా' అంటారు, మనసులో దయ, యుద్ధంలో కాఠిన్యం, ఈ రెండూ కలిసి ఉండటం ముల్లోకాల్లో నీలోనే చూశాం తల్లీ అని. అంతకుముందే ఇంకో మాట ఉంది, చూపుతోనే బూడిద చెయ్యగలిగిన నువ్వు శత్రువుల మీద ఆయుధం ఎందుకు వేస్తావంటే, ఆ ఆయుధం తగిలి పవిత్రులై వాళ్లు కూడా మంచి లోకాలకు పోవాలని అంటారు. అంటే ఆ పాదం మహిషుడికి శిక్షా అయింది, అనుగ్రహమూ అయింది. మనమూ ఆ పాదం కోసమే కదండీ క్యూలో నిలబడేది.

గియు కాలు అలాంటిది కాదు, యుద్ధం అయిపోయాక అసహ్యంతో వేసింది. మీ పిల్లలు ఆ తేడా పట్టుకోగలరు. సప్తశతిలో ఆ శ్లోకాలు మీరే చదివి వినిపిస్తే ఇంకా బాగా పట్టుకుంటారు.

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ థర్డ్ ఇయర్, హాస్టల్. ఫస్ట్ ఇయర్‌లో మా రూమ్మేట్ ఒకడు నన్ను నరకం చూపించాడు. నా యాసని ఎక్కిరించేవాడు, నా బట్టలు బాత్రూమ్‌లో పడేసేవాడు, అందరి ముందు పేర్లు పెట్టి పిలిచేవాడు. ఈ మధ్య వాడు పరీక్షలో కాపీ కొడుతూ దొరికాడు, డిబార్ చేశారు. వాడు కారిడార్‌లో కూర్చుని ఏడుస్తుంటే ఎవడో వీడియో తీశాడు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో దాన్ని స్టిక్కర్లు చేసి ఆడుకుంటున్నారు. నేనూ రెండు ఫార్వర్డ్ చేశాను, చాలా హాయిగా అనిపించింది. తర్వాత ఆ రుయి ఎపిసోడ్ మళ్లీ చూశాక ఏదోలా ఉంది. వాడికి నేను ఫ్రెండ్ అవ్వాలా ఇప్పుడు?
– గుంటూరు

జవాబు: అక్కర్లేదు. వాడి రూముకి వెళ్లి ఓదార్చక్కర్లేదు, గతం మర్చిపోయానని చెప్పక్కర్లేదు, వాడు నీకు చేసింది చిన్నదని నువ్వు అనుకోనక్కర్లేదు. కాపీ కొట్టాడు, శిక్ష పడింది, అది పడాల్సిందే.

హాయిగా అనిపించిందన్నావు, ఏడాదంతా ఏడిపించినవాడు ఏడుస్తుంటే అలా అనిపించడం సహజం, దానికి నిన్ను నేనేమీ అనను. కానీ తమ్ముడూ, కిమోనో మీద కాలు అంటే సరిగ్గా ఇదే. వాడు పడిపోయి ఉన్నాడు, తిరిగి అనలేడు, ఏడుస్తున్నాడు, ఆ ఏడుపే స్టిక్కర్ అయి ఫోన్ల మీద తిరుగుతోంది. ఆ గ్రూపులో వాడి వల్ల దెబ్బతిన్నవాళ్లు ఎంతమంది? ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లంతా ఊరికే కాలు వేస్తున్నారు. నీకు న్యాయం చేయాలని ఫస్ట్ ఇయర్‌లో వీళ్లలో ఒక్కడైనా వాడికి అడ్డం వచ్చాడా? అప్పుడు వాడితో కలిసి నిన్ను చూసి నవ్వినవాళ్లే ఇప్పుడు నీతో కలిసి వాణ్ణి చూసి నవ్వుతూ ఉండొచ్చు, ఒకసారి ఆ పేర్లు చూసుకో.

తాంజిరో అలా చెయ్యడం ఆ ఒక్కసారే కాదు, మొదటి నుంచీ అంతే. డప్పుల రాక్షసుడు క్యోగాయ్‌తో పోరాడేటప్పుడు వాడు రాసుకున్న కాగితాలు నేల నిండా పడి ఉంటాయి, వాటిని తొక్కకుండా అడుగులు వేస్తాడు. ఒకప్పుడు వాడి రాతల్ని పనికిరానివని ఎవరో కాలితో తొక్కేశారు. తాంజిరోకి ఆ సంగతి తెలియదు, ఎవరో రాసుకున్నవి కదా అని తొక్కలేదు, అంతే. తల తెంచుతూనే, నీ విద్య గొప్పది, కానీ మనుషుల్ని చంపడాన్ని మాత్రం క్షమించను అంటాడు. ఆ రెండు మాటలూ ఒకే నోటితో అనొచ్చు. నువ్వూ అనొచ్చు.

చెయ్యాల్సింది చిన్నదే. నువ్వు పంపినవి డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టు, టైమ్ దాటిపోతే కనీసం నీ ఫోన్లోంచి తీసెయ్. గ్రూపులో "చాల్లే, ఆ వీడియో తీసెయ్యండి" అని ఒక్క లైను పెట్టు. వాడికేంటి సపోర్ట్ అని నిన్ను ఎక్కిరిస్తారు, ఎక్కిరించనీ. "వాడు నాకు చేసింది మీకంటే నాకే బాగా తెలుసు" అని చెప్పు, ఆ మాట అనగలిగింది ఆ గ్రూపులో నువ్వొక్కడివే. వీడియో బయటికి పోయిందని తెలిస్తే వార్డెన్‌కి చెప్పు, వాడు ఏమైనా చేసుకుంటాడన్న అనుమానం వస్తే ఆ నిమిషమే చెప్పు, రేపటి దాకా ఆగొద్దు.

ప్రశ్న: మా పాప మూడో తరగతి. వాళ్ల అన్నయ్య చూస్తుంటే తనూ చూస్తానని గొడవ. మంచి విషయాలున్నాయి కదా, చూపించొచ్చా?
– తెనాలి

జవాబు: ఇప్పుడే వద్దు. మంచి విషయాలు ఉన్నాయి, తలలు తెగడం కూడా ఉంది, మొదటి ఎపిసోడ్‌లోనే ఇంటిల్లిపాదీ చచ్చిపోయి ఉంటారు. 2020లో వచ్చిన సినిమాకు జపాన్‌లోనే, 12 ఏళ్లలోపు పిల్లలకు పెద్దల సలహా ఉండాలనే సర్టిఫికెట్ ఇచ్చారు. హైస్కూల్‌కి వచ్చాక, మీరూ పక్కన కూర్చుని చూపించండి. మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు, వరుసగానే చూడాలి. రుయి చచ్చిపోయే ముక్క ఒక్కటీ క్లిప్‌లో చూస్తే ఏడుపొస్తుంది గానీ, వాడు దారాలతో ఎంతమందిని కోశాడో తెలియకుండానే ఏడుస్తారు. అప్పటిదాకా అన్నయ్యను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లోపలి గదిలో చూసుకోమనండి.